చైనీస్ వైట్ ట్యూబు గారికి, బరంపురం నుంచి

మహారాజశ్రీ చైనీస్ వైట్ గారికి,

నమస్కారాలు. పేరులో చైనా ఉన్నా, జింక్ ఆక్సైడ్‌తో మిమ్మల్ని తయారుచేసి 1834లో వాటర్ కలర్ వేసేవాళ్ళ చేతికిచ్చింది లండన్‌లోని విన్సర్ అండ్ న్యూటన్ అనే రంగుల కంపెనీ వారు. ఇప్పుడు మా బరంపురంలో ఏ పిల్లవాడి రంగుల పెట్టె తెరిచినా మీదే వైభోగం. మిగతా ట్యూబులన్నీ నిండుగా ఉంటాయి, మీరొక్కరే నలిగి చుట్టుకుపోయి ఉంటారు. అంత గిరాకీ!

ఆదివారాలు మా డాబా మీద బొమ్మలు నేర్చుకునే పిల్లల ముందు బెల్లగుంఠ ఇత్తడి చేపను పెడుతుంటాను. మా గంజాం జిల్లాలోనే చేస్తారు దాన్ని. ఒళ్ళంతా కీళ్ళు, పట్టుకుంటే నిజం చేపలా వంగుతుంది. ప్రతి పొలుసు అంచునా ఒక మెరుపు. ఆ మెరుపులు ఎక్కడెక్కడున్నాయో ముందే సన్నగా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. అక్కడ రంగు తగలనివ్వకుండా కాగితం తెలుపునే మెరుపుగా వదిలెయ్యాలి. చుట్టూ ఎల్లో ఆకర్ అనే మట్టి పసుపు పలచగా వేసి, పూర్తిగా ఆరాక బర్న్ట్ సియెన్నా అనే ఎర్ర గోధుమ రంగు, నీడ ముదరాలంటే అందులోనే కాస్త అల్ట్రామెరీన్ నీలం. పసుపు ఎంత పోసినా ఇత్తడి రాదు. మెరుపును ఆనుకుని చీకటి పడితేనే వస్తుంది.

ఇదంతా చెయ్యాలంటే ముందు చేపను చూడాలి కదా. మీరుండగా ఆ శ్రమ ఎందుకు? మా వాళ్ళు చేపంతా పసుపు దట్టించేసి, ఆఖర్న మిమ్మల్ని పిలుస్తారు. పెళ్ళి పనులన్నీ అయ్యాక వచ్చి గ్రూప్ ఫోటోలో మధ్యన నిలబడే పెద్దమనిషిలా మీరు దిగుతారు. బ్రష్షు తడికి కిందున్న రంగు లేచి మీలో కలుస్తుంది. మెరవాల్సిన చోట మురికి మరక. తెలుగులో చెప్పినా ఒడియాలో చెప్పినా వినరు, "ఇంకో కోటింగ్ వేస్తే సరిపోతుంది మాస్టారూ" అంటారు.

మొగలి పువ్వు పెట్టిన రోజు మరీ విడ్డూరం. పువ్వు తెలుపే కదా అని తెల్ల కాగితం మీద మిమ్మల్నే పూసి కూర్చున్నారు. రేకుల సందుల్లో లేత ఆకుపచ్చ నీడ, వెనక ముదురు గుడ్డ, ఈ రెండూ వేస్తే పువ్వు దానంతట అదే తెల్లబడుతుంది. మీ సాయమే అక్కర్లేదు.

వానాకాలంలో మీ వ్యాపారం ఇంకా బాగుంటుంది. గోపాల్‌పూర్ సముద్రం గాలికి మొదటి పూత ఓ పట్టాన ఆరదు. ఓపిక పట్టలేక రెండోది వేస్తారు, నీళ్ళు ఎదురుతన్ని అంచులు చిట్లిన మరక పడుతుంది. దాన్ని కప్పడానికి మళ్ళీ మీరే దిక్కు.

మీరు ఊరుకోరనీ, ఇంగ్లండు వాటర్ కలర్ చిత్రకారుడు విలియం హెన్రీ హంట్‌ను సాక్ష్యానికి తెస్తారనీ తెలుసు. పిట్టగూళ్ళూ పళ్ళూ ముట్టుకోబుద్ధేసేలా వేసి 'పిట్టగూటి హంట్' అనిపించుకున్న ఆయన (1790–1864) మిమ్మల్ని దండిగానే వాడాడు. ఒప్పుకుంటాను. కానీ ముందు మిమ్మల్ని మందంగా పూసి, గట్టిపడనిచ్చి, పైన శుభ్రమైన రంగులు పెట్టాడు. ఆయన దగ్గర పునాదిలో పనిచేసిన మీరు, మా దగ్గరికొచ్చి అతుకులేసే పనికి దిగారేం?

అందుచేత వచ్చే ఆదివారం నుంచి మా డాబా మీద మీకు ప్రవేశం లేదు. దీనికి తల్లిదండ్రుల నుంచి అభ్యంతరాలు మొదలయ్యాయి. "పన్నెండు రంగులకీ డబ్బులు కట్టాం, ఒకటి వాడొద్దంటే ఎలా మాస్టారూ?" అని ఒకావిడ గట్టిగానే అడిగింది. ఈసారి పెట్టె బదులు మందపాటి 300 జీఎస్ఎం కాటన్ కాగితం ఒక షీటు కొని నాలుగు ముక్కలు చేయించమన్నాను. పక్కనున్నావిడ, "పోనీ నల్లదైనా ఉంచుతారా?" అంది.

ఆయనకి రాయాల్సిన ఉత్తరం వేరే ఉంది.

ఇట్లు,
బరంపురం డ్రాయింగు మాస్టారు