గేముల్లోని చెక్క సత్రానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ చెక్క సత్రం వారి సముఖానికి,

కడప నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ ఎండలు తప్ప అంతా క్షేమం. ఒక పాత్ర వేషం కట్టి నలుగురితో కలిసి ఆడే ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ గేము ఏది తెరిచినా, పాతకాలపు యూరప్ వాలకంతో ముందు తమరే దర్శనమిస్తారు. మా గండికోట లాంటి సీమ ఊళ్లు వాటిలో ఎందుకు కనపడవో మాట్లాడుకుందామనే ఈ లేఖ. బయట మంచు, లోపల చలిమంట, మూల పీపాలు, ఎవరికో ఒక పని అంటగట్టాలని కాచుకున్న ముసుగు మనిషి. మే నెల 44 డిగ్రీల ఎండలో, కరెంటు పోయి వచ్చే సందులో, మా పిల్లలు తమరి మంట దగ్గర చేతులు కాచుకుంటున్నారు.

తమరిది పెద్ద వంశం. 1974లో అమెరికాలో బల్ల చుట్టూ కూర్చుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్, 1978లో ఇంగ్లండ్ ఎసెక్స్ యూనివర్సిటీలో పుట్టిన మడ్ అనే అక్షరాల ఆట, 1997లో అల్టిమా ఆన్‌లైన్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. తరాలు మారినా వాసాలు మారలేదు. యూరప్ కథల్లోని ఎల్ఫ్ అనే మాయజాతి వాళ్ల చెవులు ఎట్లుంటాయో ఇప్పుడు ప్రొద్దుటూరు పిల్లోడికి కూడా ఎవరూ చెప్పక్కర్లేదు. తమరి బలమంతా అదే. వేలమంది కలిసి ఆడితే తప్ప పెద్ద గేముకు పెట్టిన ఖర్చు గిట్టదు. తెలియని ఊరిని పరిచయం చేస్తూ కూర్చుంటే ఆటగాడు లేచిపోతాడు. 2003లో ఎ టేల్ ఇన్ ద డెజర్ట్ అని, ప్రాచీన ఈజిప్టులో యుద్ధాలే లేని ఆట ఒకటి పెట్టారు. ఏళ్లతరబడి నడిచింది, కొద్దిమందితోనే. ఆ లెక్క చూసిన పెట్టుబడిదారు గండికోట పేరెత్తనిస్తాడా?

పైగా తమరి దూలాలు, పీపాలు త్రీడీ బొమ్మల అంగళ్లలో రెడీమేడ్‌గా దొరుకుతాయి. గండికోట ఎర్రరాతి బురుజులు, మాధవరాయ గోపురం, ధాన్యాగారం కావాలంటే ఎవరో ఒకరు వచ్చి చూసి, మొదటినుంచి చెక్కుకోవాలి. 1652లోనే టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి దారి కనుక్కుని వచ్చి, ఆ కోటలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిసిపోయాడు. తమరి వాళ్లకు శాటిలైట్ మ్యాపులున్నా తోవ దొరకలేదు.

వజ్రాలంటే గుర్తొచ్చింది. తమరి ఇలాకాలో ఒకే అడవిపందిని వందసార్లు చంపుతారు, ఎప్పుడో ఒకసారి అరుదైన వస్తువు రాలుతుందని. దాన్ని గ్రైండింగ్ అంటారట. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో తొలకరి పడగానే జనం చేసేది ఇదే. వాన పైమట్టిని కడిగేస్తుంది. సద్దిమూట కట్టుకొచ్చినోళ్లు పొద్దుగూకేదాకా నడుం వంచి ఒక్కో గులకరాయినీ తిరగేస్తారు. దొరికినోడు కేకెయ్యడు. వ్యాపారికి మాత్రమే వినపడేట్టు గొణుగుతాడు. బేరం గుట్టుగా సాగుతుంది, ధర వ్యాపారి చెప్పిందే. దొరకనోడు మళ్లీ వాన కోసం చూస్తాడు. ఇంత కర్కశమైన ఆర్థిక వ్యవస్థను తమరి డిజైనర్లు ఏసీ గదిలో కూర్చుని కలలో కూడా కనిపెట్టలేరు.

భూమి కింద చీకటి దారులు కావాలంటే కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలున్నాయి, 3,229 మీటర్లు. ఆటగాళ్లు తమలో తాము కొట్టుకునేది కావాలంటే దసరా రాత్రి దేవరగట్టు. మాళమల్లేశ్వరుని ఉత్సవమూర్తుల కోసం ఊళ్లు జట్లు కట్టి కాగడాల వెలుతుర్లో కర్రలతో తలపడతాయి. పోలీసులు ఏటా వద్దంటారు, ఏటా తలలు పగులుతాయి. చచ్చినోడు మళ్లీ లేచి ఆడే రీస్పాన్ సౌకర్యం ఒక్కటే లేదు.

అయినా తప్పంతా తమరిదే అనడం అన్యాయం. ఉత్తర యూరప్ పాత దేవుడు థోర్‌ని గేములో ఎంత చితకబాదినా మా జిల్లాలో రోడ్డెక్కేవాడు లేడు. మా దేవుళ్లకు భక్తులు నిక్షేపంగా ఉన్నారు. దేవుని కడప వెంకన్న తలపైన, ప్రాణం ఎంత మిగిలిందో చూపే హెల్త్ బార్ గీత పెట్టి, అది ఒక్క దెబ్బకు సగానికి తగ్గిందనుకోండి. సాయంత్రానికి ఏడురోడ్ల కూడలిలో దిష్టిబొమ్మ తగలబడుతుంది. అగ్గిపెట్టె నేనే అందించినా అందిస్తాను. అందుకే కాబోలు, జపాన్ వాళ్లు 2021లో ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేములో థావ్‌నైర్ అని మన దేశం ఛాయలతో ఒక దీవిని కల్పించుకున్నారు. ఏనుగు తలల మనుషులు, రంగుల గోడలు, చూడముచ్చటగానే ఉంది. లేని దీవి కాబట్టి ధర్నా చేసే తాలూకా ఆఫీసూ లేదు.

ఇంకో భయం కూడా ఉంది. మా సీమను తెలుగు సినిమావాళ్లే ఇన్నేళ్లుగా తొడగొట్టే తెల్లచొక్కాలు, గాల్లోకి లేచే సుమోలుగా చూపించారు. ఒకే భాష మాట్లాడేవాళ్లకే మేము నాటుబాంబు లేకుండా ఊహకు అందలేదంటే, అమెరికా స్టూడియో కుర్రోడు కడప మ్యాపులో మొదట పెట్టే ఆయుధం ఏదో చెప్పడానికి కాలజ్ఞానం అక్కర్లేదు.

కాబట్టి మ్యాపు మార్చమని అడగను. తమరి వంటగదిలో ఒక పొయ్యి ఇప్పించండి చాలు. రొట్టె తింటేనే ప్రాణం పదో ఇరవయ్యో పెరుగుతోంది కదా, రాగి సంగటి, నాటుకోడి పులుసు తిన్నోడికి ఎంత పెరగాలో తమరే లెక్క కట్టండి. ఒక్కటే షరతు. తిన్న వెంటనే వాడిని రాక్షసుడి మీదకు ఉరికించొద్దు. గంటసేపు నిద్రపోనివ్వాలి. లేకుంటే అది మా సీమ అని ఎవరూ నమ్మరు.

ఇట్లు,
తమ విధేయుడు,
కడప