గంబూటు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గంబూటు గారికి, హైదరాబాద్ నుంచి ఓ పాత డెయిరీ వర్కర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇది అలవాటుగా రాశాను. నిజానికి కుశలం మీ ఒక్కరిదే, నా మడమలు పగిలి చాలా కాలమైంది.

ప్యాకెట్లు రాకముందు, గాజు సీసాల రోజుల్లో, నేను సీసాలు కడిగే సెక్షన్‌లో ఉండేవాణ్ణి. పైనుంచి వేడి కాస్టిక్ సోడా నీళ్లు, కింద ఒలికిన పాలు. ఆ పాలు పులిసి ఆమ్లమైతే తోలు చెప్పు ఎన్నాళ్లు ఆగుతుంది? అందుకే ఇంగ్లండు డెయిరీల్లో ఒకప్పుడు చెక్క అడుగున్న బూట్లు తొడిగేవారట. మీ వంశమూ తక్కువదేం కాదు. మీ తాత వెల్లింగ్టన్ దొరగారి తోలుబూటు. 1850ల్లో ఫ్రాన్సులో రబ్బరు అవతారం ఎత్తి పొలాల్లోకి దిగారు. రబ్బరు చెట్టు పాలతో పుట్టారు కదా, పాల నేల మీద నిలుస్తారనుకున్నాను. తీరా చూస్తే మీకు కొవ్వు పడదు, ఉబ్బిపోతారు. పాలతో పుట్టి మీగడ పడనివాళ్లను మిమ్మల్నే చూశాను.

పడకపోతే పోనీ, అసలు నా కాలికి దొరికిందెప్పుడు? ఏడాదంతా స్టోర్‌రూంలో తాళం వెనకే ఉండేవారు. తనిఖీ రోజున మాత్రం మీరూ, తెల్లకోటు గారూ జంటగా వేంచేసేవారు. కోటు తెల్లగా ఎందుకంటే మురికి కనిపించాలని. పాలు నా మీద పడితే ఎవరికీ పట్టదు, నా మురికి పాలలో పడకూడదు, అంతే. ఆ పాలకు మర్యాద చూడండి, 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లార్చేవారు. నా కాళ్లు మాత్రం ఎనిమిది గంటలూ నీళ్లలోనే.

ఒకసారి నాకిచ్చిన జతలో రెండూ ఎడమవే. సైజు పది, నాది ఏడు. "సంతకం పెట్టు అన్నా, తనిఖీ అయ్యేదాకానే కదా" అన్నాడు స్టోర్ కీపర్. పెట్టాను. ఆఫీసరు గారు నా కాళ్లు చూసి "వెరీ గుడ్" అన్నారు. కుడివైపు తిరగాలంటేనే నాకు కాస్త టెన్షన్.

రిటైరయ్యేటప్పుడు నో డ్యూస్ కాగితం కోసం ఆ రెండూ అప్పగించాను. రిజిస్టర్ తిరగేసి, "కుడిదేది?" అన్నారు. దాని ఖరీదు నా డబ్బుల్లోంచి పట్టుకున్నారు.

కాబట్టి కుడి బూటు గారూ, మీరిప్పుడు న్యాయంగా నావారు. తార్నాక వైపు వస్తే కనిపించి పోగలరు. నా అడ్రసు స్టోర్ రిజిస్టర్‌లో ఉంది.

ఇట్లు,
మీ బాకీ తీర్చినవాడు