నాలుగు వారాల పరిశోధనకు తొమ్మిది నెలల కసరత్తు

2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు మూకుమ్మడిగా చచ్చిపోయాయి. నమూనాలు భోపాల్ వెళ్లాయి, బర్డ్‌ఫ్లూ అని తేలింది, చుట్టుపక్కల చికెన్ దుకాణాలు మూయించారు. మరుసటి ఏడాది మార్చిలో పల్నాడు జిల్లా నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప బర్డ్‌ఫ్లూ వైరస్ హెచ్‌5ఎన్‌1 సోకి చనిపోయింది. ఇవన్నీ చూశాక, పశుపక్ష్యాదుల నుంచి మనుషులకు సోకే జబ్బుల మీద విదేశీ విద్యార్థులతో కలిసి పనిచేద్దామనుకుంటే మన కాలేజీల్లో ఎవరికైనా ముందు తట్టేది బర్డ్‌ఫ్లూనే.

విద్యార్థుల మార్పిడికి ఆ ఎంపిక సరిపోదు. అనుమానం వచ్చిన నమూనా నేరుగా భోపాల్‌లోని హై సెక్యూరిటీ పశువ్యాధుల సంస్థకు పోవాల్సిందే. అలాంటి ల్యాబ్ లేనిచోట ఆ వైరస్ జోలికి పోకూడదు, అందులోనూ నాలుగు వారాలకు వచ్చిన విద్యార్థి అసలు పోకూడదు. పైగా బర్డ్‌ఫ్లూ మన క్యాలెండర్ చూసుకుని రాదు. అనుమతి కాగితాలు చేతికొచ్చేసరికి షెడ్లు కడిగి, సున్నం చల్లి, కొత్త పిల్లలు దించేసి ఉంటారు.

ఏడాది పొడుగునా మందల్లోనే ఉంటూ ఎవరి కంటా పడని జబ్బు ఒకటుంది. అది బ్రూసెల్లా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే బ్రూసెల్లోసిస్. ఉదయగిరి, ఆత్మకూరు మెట్టల్లో గానీ ప్రకాశం జిల్లా పడమటి ఊళ్లలో గానీ కాపరులకు ఈ పేరు తెలియకపోవచ్చు. చూడి గొర్రెలు నెలలు నిండేలోపు ఈసుకుపోవడం మాత్రం వాళ్లు చూస్తూనే ఉంటారు. ఈత కష్టమైతే కాపరి ఒట్టి చేతిని లోపలికి పెట్టి పిల్లను లాగుతాడు, పడని మాయను చేత్తోనే తీస్తాడు. రోగమున్న గొర్రె అయితే ఆ మాయలో, ఆ ఉమ్మనీటిలో లెక్కలేనంత బ్యాక్టీరియా ఉంటుంది. ముళ్లకంపలు గీరుకుపోయిన చేతుల గుండా లోపలికి వెళ్లడానికి దానికి అంతకంటే మంచి దారి అక్కర్లేదు. తీసిన మాయను పక్కకు విసిరేస్తే కుక్కలు ఈడ్చుకుపోతాయి, రోగం పక్క దొడ్డికి చేరుతుంది.

కొన్ని వారాల తర్వాత ఆ మనిషికి జ్వరం వస్తుంది, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. రాత్రిళ్లు చెమటలు, నడుము నొప్పి, కీళ్ల నొప్పులు. దగ్గర్లోని ల్యాబ్‌లో విడాల్ పరీక్ష చేస్తే అటూఇటూగా ఓ అంకె వస్తుంది. దాన్ని చూసి టైఫాయిడ్ అంటారు, వారం రోజులు ఇంజెక్షన్లు వేస్తారు. బ్రూసెల్లోసిస్ వారం మందులకు పోయే జబ్బు కాదు. డాక్సీసైక్లిన్ 100 మి.గ్రా. రోజుకు రెండుసార్లు ఆరు వారాలు, దాంతోపాటు రిఫాంపిసిన్ ఆరు వారాలు లేదా స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ రెండు మూడు వారాలు వాడాలి. వెన్నెముకకు పాకినవాళ్లను ఒక్కోసారి టీబీ రోగులనుకుంటారు. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉండటంతో కొంత తగ్గినట్టు కనిపిస్తుంది, తప్పు రోగ నిర్ధారణ అలాగే నిలబడిపోతుంది.

2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో బ్రూసెల్లోసిస్ ఉంది. టీకా మాత్రం 4 నుంచి 8 నెలల వయసున్న ఆవు, గేదె పెయ్యలకే. గొర్రెలకూ మేకలకూ వచ్చే రకం బ్రూసెల్లా మెలిటెన్సిస్. మనుషుల్ని ఎక్కువగా బాధపెట్టేది అదే, జాతీయ టీకాలో లేనిదీ అదే. నెల్లూరు జోడిపి, పల్ల, దొర గొర్రె రకాలు పుట్టిన గడ్డమీద ఇది చిన్న లోటు కాదు. విద్యార్థుల పరిశోధనకు ఇంతకంటే అక్కరకొచ్చే ప్రశ్న వెతకనక్కర్లేదు.

ఏ దేశంతో మార్పిడి అంటే, మొదట బ్రెజిల్. ఇక్కడి ఒంగోలు పశువులు 19వ శతాబ్దంలోనూ, మళ్లీ 1960ల మొదట్లోనూ ఓడలెక్కి అక్కడికి చేరాయి. నేడు అక్కడి మాంసపు పశువుల్లో అత్యధికం నెలోర్ పేరుతో పెరుగుతున్న ఆ సంతతే. 2001 నుంచి బ్రెజిల్‌లో బ్రూసెల్లోసిస్, టీబీల మీద జాతీయ కార్యక్రమం నడుస్తోంది. 3 నుంచి 8 నెలల పెయ్యలకు టీకా తప్పనిసరి. ఎస్19 రకం టీకా వేసిన పెయ్యకు ఎడమ చెంప మీద ఏడాది చివరి అంకెతో వాత పెడుతూ వచ్చారు. పరీక్షలో దొరికిన పశువుకు కుడి చెంప మీద పి అని వేసి వధకు పంపుతారు. మన దగ్గర ఆవుల విషయంలో ఆ చివరి మెట్టు ఎక్కలేం. కానీ వేలాది పశుపోషకుల చేత టీకా వేయించడం, రికార్డు రాయించడం, అమ్మకానికి ముందు పరీక్ష అడగడం ఎలా సాధ్యమైందో మన విద్యార్థి అక్కడి పశువైద్య అధికారుల వెంట తిరిగి చూడాల్సిన విషయం. అటునుంచి వచ్చేవాళ్లకు మెలిటెన్సిస్ కొత్త. ఆ రకం వాళ్ల మందల్లో లేదు. ఇద్దరికీ ఎదుటివాళ్ల దగ్గర నేర్చుకునేది ఉన్నప్పుడే ఒప్పందం నాలుగు కాలాలు నిలుస్తుంది.

మెలిటెన్సిస్ అక్కడ లేదు కాబట్టే ఒక నియమం మొదటి పేజీలోనే రాసుకోవాలి: ఒక్క చుక్క సీరం (రక్తం గడ్డకట్టాక విడిపడే ద్రవం) కూడా దేశం దాటకూడదు. మెలిటెన్సిస్ లేని దేశానికి మన నమూనాలు పంపడం వాళ్లకూ ప్రమాదమే. దానికి తోడు, జీవ వైవిధ్య చట్టం, 2002 ప్రకారం విదేశీయులు ఇక్కడి జీవ వనరులను పరిశోధనకు తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవ వైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి కావాలి. మనుషుల ఆరోగ్యం మీద విదేశీ సంస్థతో ఉమ్మడి పరిశోధన అయితే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ద్వారా ఆరోగ్య మంత్రిత్వశాఖ స్క్రీనింగ్ కమిటీకి వెళ్లాలి. ప్రాజెక్టు ఇక్కడి కాలేజీది, నమూనాలు ఇక్కడి ఫ్రీజర్‌లోవి, వచ్చినవాళ్లు మన గైడ్ కింద నేర్చుకునేవాళ్లు అన్న పద్ధతిలో రాసుకుంటే చిక్కులు చాలా తగ్గుతాయి. అయినా ఏ అనుమతి అవసరమో, ఏది అక్కర్లేదో ఆయా కార్యాలయాల నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ఫోన్‌లో చెప్పిన మాట ఫైలులో నిలవదు. టూరిస్ట్ వీసాతో వచ్చినవాళ్లను మందలోకి దించనే కూడదు.

విదేశీ విద్యార్థి మన దగ్గర ఉండేది ఎన్నాళ్లు? వైద్య విద్యార్థుల సమాఖ్య ఐఎఫ్‌ఎంఎస్‌ఏ నడిపే పరిశోధన మార్పిడి ఒక విడత సాధారణంగా నాలుగు వారాలు. వెటర్నరీ విద్యార్థుల సంఘం ఐవీఎస్‌ఏ ద్వారా జరిగేవీ కొద్ది వారాలవే. ఈ నాలుగు వారాల్లో మందలు వెతకడం, రక్తం తీయడం, పరీక్షించడం, రాయడం అన్నీ పెట్టుకుంటే చివరికి మిగిలేది రోడ్డు పక్కన దొరికిన రెండు మూడు మందల రక్తమే. కాబట్టి నమూనాల సేకరణ మన విద్యార్థులు ముందే పూర్తిచేయాలి. వచ్చేవాళ్లకు మొదటి వారం మందల దగ్గర పరిచయం, రక్తం తీయడంలో శిక్షణ. రెండు, మూడు వారాలు నిల్వ సీరం మీద పరీక్షలు, లెక్కలు. నాలుగో వారం ఫలితాలు కాపరులకు చెప్పడం. ఎథిక్స్ కమిటీలు, వీసా, నమూనాల సేకరణ కలుపుకుంటే తొమ్మిది నెలల ముందు పని మొదలుపెట్టాలి.

ఎన్ని గొర్రెలు? వ్యాప్తి పది శాతం ఉండొచ్చని అనుకుని, 95 శాతం నమ్మకంతో, ఐదు శాతం అటూఇటూ తేడాతో లెక్కిస్తే 139 వస్తుంది. చాలా థీసిస్‌లు ఇక్కడే ఆగిపోతాయి. ఒకే మందలోని గొర్రెలు ఒకదాని రోగం ఒకటి పంచుకుంటాయి కాబట్టి ఆ 139 విడివిడి సాక్ష్యాలు కావు. మందకు పది చొప్పున తీస్తూ, మందలోపలి సారూప్యాన్ని 0.1 అనుకుంటే ఆ సంఖ్యను 1.9తో (1 + 9 × 0.1) గుణించాలి. అప్పుడు సుమారు 264 గొర్రెలు, అంటే 27 మందలు. పెద్ద మందలో ఎక్కువ తీసి మందల సంఖ్య తగ్గించుకోవాలనే ఆశ పుడుతుంది. ఆ పని చేస్తే లెక్క మొత్తం కూలిపోతుంది. మందల జాబితా రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుల దగ్గర ఉంటుంది, కానీ వేసవిలో ఆ జాబితాను నమ్ముకోలేం. కోతలయ్యాక మందలు పెన్నా డెల్టా మాగాణుల్లో మంద కట్టడానికి దిగిపోతాయి. ఊరి పేరుతో కాక కాపరి ఫోన్ నంబరుతో వెతకాలి.

రక్తం తీయడం పొద్దున్నే, మంద మేతకు కదలకముందే కావాలి. మెడ సిర నుంచి 5 మి.లీ., ఎర్రమూత ట్యూబులో. ఎక్కువమంది చేసే పొరపాటు ట్యూబును వెంటనే ఐస్‌ప్యాక్ మీద పెట్టేయడం. చల్లదనానికి గడ్డ సరిగ్గా ముడుచుకోదు, సీరం చాలినంత రాదు. గంట, రెండు గంటలు నీడలో నిలబెట్టి, గడ్డ కట్టాకే ఐస్‌బాక్సులోకి మార్చాలి. రెండో పొరపాటు దానికి తలకిందులు: మే నెల ఎండలో జీపు డిక్కీలో వదిలేస్తే ఎర్రకణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది, రంగు మార్పుతో యాంటీబాడీలను పట్టే ఎలీసా పరీక్షలో ఆ రంగే అడ్డం వస్తుంది. అదే రోజు సెంట్రిఫ్యూజ్ చేసి, సీరాన్ని అర మి.లీ. చొప్పున మూడు వయల్స్‌లో పోసి మైనస్ 20 డిగ్రీల్లో పెట్టాలి. ఒకే వయల్‌లో పోస్తే ప్రతి పరీక్షకూ కరిగించి మళ్లీ గడ్డకట్టించాలి, యాంటీబాడీలు దెబ్బతింటాయి. మార్కర్ పెన్నుతో రాసిన నంబరు ఐస్‌నీళ్లకూ స్పిరిట్‌కూ చెరిగిపోతుంది, ముందే అచ్చువేసిన లేబుళ్లు అతికించాలి. కరెంటు పోతే ఫ్రీజర్‌కు జనరేటర్ లైను ఉందో లేదో మొదటి నమూనా తీయకముందే చూసుకోవాలి.

మొదటి పరీక్ష రోజ్ బెంగాల్, అంటే సీరంలో బ్రూసెల్లా యాంటీబాడీలున్నాయో లేదో పలక మీద చూసేది. ఖరీదు తక్కువ, విద్యార్థి చేతికి త్వరగా పట్టుబడుతుంది. ఆవులు, గేదెలకైతే సీరం, యాంటిజెన్ (రంగు వేసిన చచ్చిన బ్రూసెల్లా ఉన్న పరీక్ష ద్రవం) సమపాళ్లలో 30 మైక్రోలీటర్ల చొప్పున. గొర్రెలకూ మేకలకూ అదే కొలత వాడితే కొన్ని పాజిటివ్‌లు జారిపోతాయి. వీటికి సీరం 75, యాంటిజెన్ 25 మైక్రోలీటర్లు తీసుకోవాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన యాంటిజెన్‌ను గది వేడికి రానిచ్చి, పలక మీద రెండూ కలిపి, నాలుగు నిమిషాలు మెల్లగా ఊపుతూ వెలుతురులో చూడాలి. పాజిటివ్ అయితే గులాబీ రంగు ద్రవం పాలు విరిగినట్టు పలుకులు పలుకులుగా విడిపోతుంది. నెగెటివ్ అయితే అలాగే నున్నగా ఉంటుంది. నాలుగు నిమిషాలు దాటాక చూసినది లెక్కలోకి రాదు. ఏసీ లేని గదిలో ఎండాకాలం చేస్తే చుక్క అంచులు ముందే ఎండిపోతాయి, ఆ చారను పాజిటివ్ అనుకునేవాళ్లుంటారు. తెలిసిన పాజిటివ్, నెగెటివ్ సీరాలు ప్రతి విడతలోనూ పక్కన పెట్టుకోవాలి. ఇద్దరు విద్యార్థులు ఒకరి ఫలితం ఒకరు చూడకుండా చదవాలి. పాజిటివ్ వచ్చినవన్నీ ఎలీసాతో ఖాయం చేసుకోవాలి.

బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే కల్చర్ చేద్దామన్న ఉత్సాహాన్ని మాత్రం మొగ్గలోనే ఆపాలి. ల్యాబుల్లో పనివాళ్లకు సోకే బ్యాక్టీరియాల్లో బ్రూసెల్లా ముందు వరసలో ఉంటుంది. మూడో స్థాయి జీవభద్రత లేని ల్యాబ్‌లో దాన్ని పెంచకూడదు. మందలోకి వెళ్లేవాళ్లకు రెండు జతల గ్లోవ్స్, కళ్లద్దాలు, ఈతల సమయంలో ఎన్95 మాస్కు తప్పనిసరి. గర్భిణులను ఆ పనికి పెట్టకూడదు. ప్రతి దొడ్డి దగ్గరా కుక్కలుంటాయి కాబట్టి రేబిస్ ముందస్తు టీకా విమానం ఎక్కకముందే పూర్తి కావాలి.

మన దగ్గర మరో లోటు వ్యవస్థలోనే ఉంది. నెల్లూరులో, ఒంగోలులో మెడికల్ కాలేజీలున్నాయి. పశువైద్య కాలేజీలు తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిల్లో ఉన్నాయి. రోగి ఒక ఊళ్లో, గొర్రె మరో శాఖలో. ఐసీఎంఆర్ 1979 నుంచి నడుపుతున్న రెండు నెలల విద్యార్థి స్కాలర్‌షిప్ కూడా వైద్య, దంత వైద్య విద్యార్థుల కోసమే. అందుకే విదేశీ భాగస్వామి కంటే ముందు నెల్లూరుకు తిరుపతితో, ఒంగోలుకు గన్నవరంతో ఒప్పందం కుదరాలి. ఒక ఎంబీబీఎస్ విద్యార్థి, ఒక బీవీఎస్సీ విద్యార్థి జంటగా ఒకే మందకు వెళ్లాలి: ఒకరు గొర్రెల రక్తం, ఇంకొకరు పెద్ద డాక్టర్ల పర్యవేక్షణలో కాపరి కుటుంబం రక్తం. అంగీకార పత్రాన్ని వాడుక తెలుగులో పైకి చదివి వినిపించి, చదువు రానివాళ్ల వేలిముద్రకు సంబంధం లేని సాక్షి చేత సంతకం పెట్టించాలి. ఆరు వారాల మందులు ఎవరిస్తారో తేలకుండా మనిషి రక్తం తీయడం అన్యాయం.

అన్నిటికంటే కష్టమైన ఘట్టం ఫలితం చెప్పడం. ఫలానా గొర్రెకు రోగం ఉందని చెప్పి వదిలేస్తే కాపరి ఏం చేస్తాడు? వచ్చే సంతలో అమ్మేస్తాడు. అతని తప్పు కాదు, ఆ గొర్రె అతని పిల్లల ఫీజు. రోగం మాత్రం మన పరిశోధన పుణ్యాన కొత్త మందకు చేరుతుంది. దీనికి విరుగుడు బడ్జెట్‌లోనే ఉండాలి. పాజిటివ్ తేలినవాటిని మాంసం ధరకు కొని, పశువైద్యుడి సమక్షంలో గ్లోవ్స్‌తో కోయించి, గర్భసంచి, పొదుగు, వృషణాలు, లింఫు గ్రంథులు పూడ్పించాలి. బాగా ఉడికిన మాంసంతో ప్రమాదం లేదు. అంత డబ్బు లేకపోతే ఏ గొర్రెకు ఉందన్నది కాక మందలో రోగం ఉందన్న మాట మాత్రం చెప్పి, ఈసుకుపోయిన గొర్రెను విడిగా కట్టడం, మాయను లోతుగా పూడ్చడం, మేకపాలు కాచి తాగడం, ఈతకు చెయ్యి పెట్టేటప్పుడు మోచేతి దాకా గ్లోవ్ తొడగడం నేర్పాలి. ఆ గ్లోవ్స్ పెట్టె కూడా మందకొకటి ప్రాజెక్టే ఇవ్వాలి. ఈ రెండింటిలో ఏది చేస్తారో రాయని ప్రతిపాదనను, విమాన టికెట్లు కొనేసినా సరే, ఎథిక్స్ కమిటీ వెనక్కి పంపాలి.