ఇంట్లో కోడలుంటే చాలు, సర్కారుకి వేరే బడ్జెట్ ఎందుకు?

ఇందాకే మా వార్డు సచివాలయం ఏఎన్‌ఎం (నర్సు) అమ్మాయి వచ్చి వెళ్ళింది. ఒళ్ళు మండిపోతోంది. వంట సంగతి తర్వాత, ముందు ఇది రాసేస్తాను.

ఆ పిల్ల మీద కాదు కోపం. పాపం చేతిలో ఫోను, ఫోన్లో సర్వే. మంచం పట్టిన మా అత్తగారికి బీపీ ఉందా, షుగరుందా, ఓటీపీ వచ్చిందా. అన్నిటికీ బుద్ధిగా జవాబులు చెప్పాను. చెప్పి, "నడుం కింద పుండు పడిందమ్మా, మొన్న రూపాయి బిళ్ళంత ఉండేది, ఇవాళ చీము పట్టింది, ఒక్కసారి చూడు" అని దుప్పటి తీయబోయాను. "అది యాప్‌లో లేదు ఆంటీ" అంది.

యాప్‌లో లేదట! ఈవిడ ఒంటి మీద ఉంది మరి, ఏం చెయ్యను?

పక్షవాతం వచ్చినప్పుడు ఆరోగ్యశ్రీ కింద ఆస్పత్రిలో పైసా తీసుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. 2023 డిసెంబరులో పరిమితి 25 లక్షలకి పెంచారు కూడా. కానీ ఆ లక్షలన్నీ ఆస్పత్రి గేటు దాకానే. డిశ్చార్జి కాగితం మీద "రెండు గంటలకోసారి పక్క మార్చాలి, ఫిజియోథెరపీ చేయించాలి" అని రాసిచ్చారు. ఎవరు మార్చాలి? రాత్రి రెండింటికి ఎవరు లేవాలి? ఫిజియో అబ్బాయికి డబ్బు ఎవరివ్వాలి? ఆ కాగితంలో అవి ఉండవు.

పోనీ పింఛను అడుగుదామని వెళ్తే, వెల్ఫేర్ అసిస్టెంటు "సర్టిఫికెట్ కావాలండీ, స్లాటు బుక్ చేసి పేషెంటుని తీసుకెళ్ళండి" అన్నాడు. మంచం దిగలేని మనిషి మంచం దిగలేదని నిరూపించుకోవడానికి ఆటోలో వెళ్ళాలి. "మీ ఏఎన్‌ఎం నెలనెలా చూస్తోంది కదా బాబూ" అంటే, "అది హెల్త్ డిపార్ట్‌మెంట్ అండీ" అన్నాడు. ఆ అమ్మాయి కుర్చీ అతని కుర్చీ పక్కదే! ఇద్దరిదీ ఒకటే ఫ్యాను.

ఇంటికి డాక్టర్లు రారు అనుకోకండి, వస్తారు. 2025 జనవరిలో మన ఆంధ్రాలో నెలకి 15,000 రూపాయల పింఛను తీసుకునే, మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి డాక్టర్ల బృందాలే వెళ్ళాయి. వైద్యానికి కాదు, నిజంగా మంచంలోనే ఉన్నారా లేదా అని తనిఖీకి. అనుమానమొస్తే ఇంటికొచ్చే డాక్టరు, పుండుకి మాత్రం రాడు. అంతకుముందు 2023లో ఫ్యామిలీ డాక్టర్ అని ఊదరగొట్టారు, మధ్యాహ్నం నుంచి మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకి వెళ్తారన్నారు. మా సందులోకి ఆ డాక్టరొచ్చే 104 బండి పట్టదట. డాక్టరుగారికి కాళ్ళున్నాయిగా? (రెండు పార్టీలవాళ్ళూ కామెంట్లలో కొట్టుకోకండి, ఇద్దర్నీ సమానంగానే తిట్టాను.)

కేరళలో 2008లోనే పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బులవాళ్ళకి, మంచం పట్టినవాళ్ళకి బాధ తగ్గించే సేవ) విధానం తెచ్చారు. పంచాయతీయే తన నిధుల్లోంచి ఖర్చు పెడుతుంది, నర్సు ఇంటికొచ్చి పుండు కడిగి, యూరిన్ పైపు మార్చి వెళ్తుంది. మనకీ ఊరికో ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీ ఉంది లెండి. దానికి ఏడాదికి 10,000. ఊరందరికీ! బ్లీచింగ్ పౌడరుకే సరి.

అయినా వాళ్ళు ఎందుకు ఖర్చు పెడతారు, ఇంట్లో నేనున్నానుగా! ఆస్పత్రి వాళ్ళు, సచివాలయం వాళ్ళు, మా ఆడపడుచు, అందరి ప్లానింగూ నా మీదే. స్కూల్లో టీచరుద్యోగం మానేశాను. మానేయమని ఎవరూ అనలేదు, అదే తమాషా. "ఎలాగూ ప్రైవేటు స్కూలే కదా" అన్నారంతే. మావారి ఉద్యోగం గురించి ఆ మాట ఎవరికీ నోటికి రాలేదు. డాలస్‌లో ఉన్న మరిదిగారు ఆదివారం వీడియో కాల్‌లో "వదినా, మంచి స్పెషలిస్టుకి చూపించండి" అంటాడు. చూపిస్తాను నాయనా, మీ అమ్మని మేడ మీద నుంచి కిందికి దింపడానికి నలుగురు మనుషుల్ని కూడా పంపించు.

మొన్న పెళ్ళిలో పెద్దత్తయ్య "నీకెంత పుణ్యమో అమ్మాయ్" అంది. పుణ్యానికి పీఎఫ్ కట్ చేస్తారా అని అడగాలనిపించింది. పెళ్ళిలో బాగోదని ఊరుకున్నాను.

ఈ పోస్టు కింద "హ్యాట్సాఫ్ అక్కా" అని దణ్ణాల బొమ్మలు పెట్టొద్దు. ఎవరింట్లోనైనా వాడకుండా పడున్న ఎయిర్ బెడ్ (పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు) ఉంటే చెప్పండి. మోటారు పనిచేసేది.