సవరణ: బ్రిటన్‌లో గర్భిణి ఉద్యోగం కోల్పోతే ప్రసూతి వేతనం

బ్రిటన్‌లో గర్భిణిగా ఉండగా రిడండెన్సీ (ఆ ఉద్యోగమే ఇక అవసరం లేదని యజమాని తొలగించడం) వల్ల ఉద్యోగం పోతే, ప్రసూతి వేతనం కూడా దానితోపాటే ఆగిపోతుందని గత వ్యాసంలో ఉన్న వాక్యాన్ని ఇలా సవరించి చదువుకోగలరు. ప్రసవం జరగవలసిన వారానికి ముందున్న 15వ వారంలో ఒక్కరోజైనా ఉద్యోగంలో ఉండి, ఆ వారంతో కలిపి అదే యజమాని దగ్గర కనీసం 26 వారాలు ఎడతెగకుండా పనిచేసి, నిర్ణీత కనీస సగటు ఆదాయం ఉన్నవారికి, ఆ తర్వాత ఉద్యోగం పోయినా 39 వారాల చట్టబద్ధ ప్రసూతి వేతనం చెల్లించవలసిన బాధ్యత యజమానిదే. అందులో మొదటి 6 వారాలకు సగటు వేతనంలో 90 శాతం వస్తుంది. కాబట్టి నోటీసు చేతికి రాగానే ముందుగా చూసుకోవలసింది చివరి పనిదినం తేదీ. ఒక్క వారం తేడాతో ఈ హక్కు చేజారవచ్చు.

ఆ 15వ వారం రాకముందే ఉద్యోగం పోయినవారికి, ప్రభుత్వం చెల్లించే మెటర్నిటీ అలవెన్సు ఉంది. ప్రసవ వారానికి ముందటి 66 వారాల్లో 26 వారాలు పనిచేసి, ఏవైనా 13 వారాల్లో వారానికి 30 పౌండ్లైనా సంపాదించి ఉంటే చాలు. ఆ వారాలు వరుసగా ఉండనక్కర్లేదు. ప్రసవం జరగవలసిన తేదీని ధ్రువీకరిస్తూ మిడ్‌వైఫ్ ఇచ్చే మ్యాట్ బి1 పత్రం రెండింటికీ పనికొస్తుంది. యజమాని ప్రసూతి వేతనం నిరాకరిస్తే, అందుకు కారణం తెలిపే ఎస్ఎంపీ1 ఫారం అడిగి తీసుకోవాలి.

వర్క్ వీసా మీదున్న మనవాళ్లలో, వీసాపై ‘పబ్లిక్ ఫండ్స్ (కొన్ని ప్రభుత్వ ఆర్థిక సాయాలు) వర్తించవు’ అన్న షరతు చూసి దరఖాస్తే మానుకునేవారున్నారు. అది అనవసరపు భయం. ప్రసూతి వేతనం, మెటర్నిటీ అలవెన్సు రెండూ ఆ నిషేధం కిందికి రావు. తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ మాత్రం ఆ నిషేధం కిందికే వస్తుంది. చట్టబద్ధ రిడండెన్సీ పరిహారానికి 2 ఏళ్ల సర్వీసు ఉండాలని గత వ్యాసంలో చెప్పిన మాటలో మార్పు లేదు.