అంతా గ్యాసే!

హైదరాబాద్‌లో కడుపు డాక్టర్లకు కరువు లేదు. 2025లో పద్మవిభూషణ్ అందుకున్న డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి ఉన్న ఊరు ఇది. నిమ్స్ ఉంది, గాంధీ ఉంది, ఉస్మానియా ఉంది. అయినా మన పొట్టల భారం మాత్రం సందు చివరి మెడికల్ షాపులో, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్న కుర్రాడే మోస్తున్నాడు.

మొన్న అమీర్‌పేటలో ఆ ఓపీని కళ్లారా చూసే భాగ్యం కలిగింది. ఒకాయన వచ్చి పొట్టమీద చెయ్యి వేశాడు. అంతే, కేసు అర్థమైపోయింది.

"గ్యాసా అంకుల్, మంటా?"

"రెండూ ఉన్నట్టున్నాయి బాబూ."

కుర్రాడు కత్తెర తీసి పాంటోప్రజోల్ షీట్ నుంచి నాలుగు గోలీలు కత్తిరించాడు. ఏం నేర్పు! చీటీ లేకుండా అమ్మొద్దని చెప్పే ఎర్రగీత, ఎక్స్‌పైరీ తేదీ, రెండూ షాపు ముక్కలోనే ఉండిపోయాయి.

"పరగడుపున ఒకటి వేసుకోండి."

"ఎన్నాళ్లు?"

"తగ్గేదాకా."

అంకుల్ పొంగిపోయి, పనిలో పనిగా మోకాళ్ల నొప్పులకీ అడిగాడు. డైక్లోఫెనాక్ వచ్చింది. అది కడుపులో పుండు పుట్టించగలదు. పుట్టిస్తే మళ్లీ ఇక్కడికేగా రావాలి! రోగమూ మందూ ఒకే కౌంటర్‌లో, ఫోన్‌పే సౌకర్యంతో సహా. ఈలోగా వెనకున్నావిడ వాము నీళ్లు రాసిచ్చింది, ఆమె వెనకాయన నిమ్మసోడా. సెకండ్ ఒపీనియన్ కూడా ఫ్రీ.

కడుపులో పుండ్లకి హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కారణమవుతుందని తేల్చడానికి బారీ మార్షల్ 1984లో ఆ క్రిముల్నే గటగటా తాగాడు. 2005లో నోబెల్ ఇచ్చారు. పాపం, ఆస్ట్రేలియాలో పుట్టబట్టి సరిపోయింది. మన సందులో అయితే 'కారం తగ్గించు నాయనా' అని పంపేసేవాళ్లం.

సరే, గ్యాసే అనుకుందాం. కానీ ఏ డైటూ లేకుండా చిక్కిపోయిన మనిషిని పెళ్లిలో పట్టుకుని 'భలే స్లిమ్ అయ్యావ్, సీక్రెట్ ఏంటి?' అంటారే, వాళ్లకి కళ్లున్నాయా? ముద్ద గొంతు దిగట్లేదంటే నీళ్లు తాగమంటారు. ఐరన్ గోలీలేవీ వేసుకోని మనిషికి విరేచనం తారులా నల్లగా అవుతోందంటే 'వేడి చేసింది' అంటారు. వేడి కాదండీ, లోపల రక్తం కారుతోందేమో! అది గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్, అంటే కడుపు డాక్టర్ చూడాలి, కత్తెర కాదు. ఇక గుండెల్లో పట్టేసి ఒళ్లంతా చెమటలు కారుతున్నవాడి వీపు నిమురుతూ తేన్పు కోసం ఎదురుచూసే చుట్టాలున్నారే! ముందు 108కి ఫోన్ చేసి చావండి!

డాక్టర్ దగ్గరికి వెళ్లమంటే మాత్రం 'అమ్మో, నోట్లో పైపు వేస్తారట!' గొంతు మొద్దుబారేలా స్ప్రే కొట్టి, మామూలుగా పది నిమిషాల్లో ముగించే పరీక్ష ఎండోస్కోపీ. మా పక్కింటి పెద్దాయన దానికీ ఆషాఢం అడ్డొచ్చిందన్నాడు, శ్రావణంలో మంచిరోజు చూసుకుని వెళ్తాడట. పుండుకి పంచాంగం ఎవరు చదివి వినిపిస్తారో!