పునీత పట్టం: అద్భుతం కాదు, గడువే అసలు ప్రశ్న

కతోలిక సంఘం ఫలానా వారిని పునీతులుగా (సెయింట్లుగా) ప్రకటించబోతోందని వార్త వస్తే చాలు, చర్చంతా అద్భుతాల చుట్టూనే తిరుగుతుంది. నమ్మేవాళ్లు నమ్ముతారు, నవ్వేవాళ్లు నవ్వుతారు. ఈ ప్రక్రియలో ఇప్పుడు అంతోఇంతో కట్టుదిట్టంగా ఉన్నది మాత్రం ఆ భాగమే. వదులైనది, మరణం తర్వాత ఆగాల్సిన గడువు.

మరణించి అయిదేళ్లు నిండాక, సాధారణంగా ఆ వ్యక్తి కన్నుమూసిన మేత్రాసనం (బిషప్ పరిధిలోని ప్రాంతం)లోనే బిషప్ విచారణ తెరుస్తారు. అప్పటి నుంచి ఆ మరణించినవారు 'దైవసేవకులు'. సాక్షుల వాంగ్మూలాలు తీసుకుంటారు, ఉత్తరాలు, డైరీలు, ప్రసంగాలు పోగుచేస్తారు. అనుమతి లేకుండా ఎక్కడా బహిరంగ పూజలు మొదలుకాలేదని కూడా తేల్చాలి. 17వ శతాబ్దంలో పోప్ ఎనిమిదో అర్బన్ పెట్టిన ఆంక్ష ఇది. ఆత్రం పట్టలేక పటంలో తల వెనక కాంతివలయం గీయించే భక్తులు తమ కేసును తామే చెడగొట్టుకుంటారు. తర్వాత సాక్ష్యాలన్నీ 'పొజిసియో' అనే గ్రంథంగా రోమ్‌లో తయారవుతాయి. వేదాంత పండితులు, ఆపైన కార్డినళ్లు, బిషప్పులు దాన్ని చదివి ఓటు వేస్తారు. పోప్ సంతకంతో 'పూజ్యులు', ఒక అద్భుతం రుజువైతే 'ధన్యులు', ఆ ప్రకటన తర్వాత జరిగిన ఇంకొకటి రుజువైతే 'పునీతులు'. విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షులకు మొదటి అద్భుతం అక్కర్లేదు. 1752లో ప్రాణమర్పించిన తిరువాన్కూరు వాసి దేవసహాయం పిళ్లై 2012లో ధన్యుడైంది అలాగే.

అద్భుతమంటే దాదాపు ఎప్పుడూ, ఆ మరణించిన వ్యక్తిని వేడుకున్నాక వైద్యానికి లొంగని జబ్బు నయం కావడమే. 2016 నాటి నిబంధనల ప్రకారం ఏడుగురు వైద్య నిపుణుల బృందంలో కనీసం అయిదుగురు ఒప్పుకోవాలి. ఒకే కేసును మూడుసార్లకు మించి పరిశీలించరు. వాళ్లు 'అద్భుతం' అనరు. 'ఇప్పుడున్న వైద్యశాస్త్రం దీన్ని వివరించలేదు' అంటారు, అంతే. జబ్బు తీవ్రమైనదై ఉండాలి, స్వస్థత చప్పున, పూర్తిగా, శాశ్వతంగా కలగాలి. మదర్ తెరెసా రెండో కేసు చూడండి: 2008 డిసెంబరులో బ్రెజిల్‌లో మెదడులో చీముగడ్డలతో స్పృహ తప్పిన వ్యక్తిని ఆపరేషన్‌కు తీసుకెళ్లారు. సర్జన్ కాసేపు బయటికి వెళ్లి తిరిగి వచ్చేసరికి రోగి మెలకువగా, నొప్పి లేకుండా ఉన్నాడు.

చాలా కేసులు ఇంతవరకు రావు. పాత స్కాన్లు దొరకవు. అదే సమయంలో వాడిన మందు పనిచేసి ఉండవచ్చన్న అనుమానం తీరదు. లేదా కుటుంబమంతా ఒకేసారి నలుగురు పునీతులను వేడుకుని ఉంటుంది, ఫలితం ఎవరి ఖాతాలో వేయాలో తేలదు. ఇంత వడపోతను మూఢనమ్మకమని కొట్టిపారేయడం బద్ధకమే.

నా అభ్యంతరం వేరే చోట. 1917 నాటి సంఘ చట్టం ప్రకారం, మరణించి 50 ఏళ్లు కాకుండా సద్గుణాలపై చర్చే మొదలుపెట్టకూడదు. 1983లో పోప్ రెండో జాన్ పాల్ దాన్ని అయిదేళ్లకు దించారు. 1587 నుంచి ఉన్న, పునీత పట్టానికి వ్యతిరేకంగా వాదించే, 'సైతాను వకీలు'గా పేరుపడ్డ ప్రతివాద పదవిని కూడా పాత రూపంలో ఉంచలేదు. మదర్ తెరెసా విషయంలో ఆమెను కటువుగా విమర్శించిన రచయిత క్రిస్టఫర్ హిచెన్స్‌ను పిలిచి సాక్ష్యం తీసుకున్నారు, నిజమే. కానీ అడిగినప్పుడు వచ్చి చెప్పే సాక్షి వేరు, ప్రతి కాగితాన్నీ తవ్వడమే ఉద్యోగమైన వకీలు వేరు. ఆ తర్వాత వేగం పెరిగింది. ఆ పోప్ ఒక్కరే 482 మందిని పునీతులుగా, 1,338 మందిని ధన్యులుగా ప్రకటించారు.

ఆయన సొంత కేసులో ఆ అయిదేళ్లు కూడా ఆగలేదు. 2005 ఏప్రిల్‌లో మరణించారు, మరుసటి నెలలోనే గడువు మినహాయింపు, 2014 ఏప్రిల్ 27న పునీత పట్టం. 2020 నవంబరులో అమెరికా మాజీ కార్డినల్ మెకారిక్ వ్యవహారంపై వాటికన్ నివేదిక వచ్చింది. లైంగిక దుష్ప్రవర్తనపై హెచ్చరికలు అందినా, మెకారిక్‌ను 2000లో వాషింగ్టన్ అగ్రపీఠానికి నియమించింది జాన్ పాలేనని అందులో ఉంది. పునీతులంటే తప్పటంచనాలే లేనివారని కాదు, పరిశుద్ధత వేరు, పాలన వేరు అని సమర్థకులు అంటారు. సిద్ధాంతపరంగా అది సరైన మాటే. అయినా ఆ నివేదిక ముందే చేతిలో ఉండి, చదివి ఓటు వేయడం వేరు. పాలకుడి సద్గుణాల్లో వివేకం, న్యాయం కూడా లెక్కలోకి వస్తాయి మరి.

2009 డిసెంబరు 19న పోప్ పదహారో బెనెడిక్ట్ జాన్ పాల్‌తో పాటే మరో పోప్ పన్నెండో పయస్‌ను కూడా 'పూజ్యులు'గా ఆమోదించారు. 1958లో మరణించిన పయస్ ఇప్పటికీ ఆ మెట్టు మీదే ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో యూదుల విషయంలో ఆయన మౌనంపై వివాదం ఉంది కాబట్టి, ఆయన పాలనాకాలపు దస్త్రాలు 2020 మార్చిలోగానీ పరిశోధకులకు తెరవలేదు కాబట్టి, ఈ నిదానాన్ని ఎవరూ తప్పుపట్టడం లేదు. 2006లో మరణించిన పదిహేనేళ్ల కార్లో అకుటిస్‌ను 2025లో పునీతుడిగా ప్రకటిస్తే తెరవాల్సిన రాజ్య దస్త్రాలేమీ లేవు. అధికారంలో ఉన్నవారి సంగతి అలా కాదు. వారికైనా, ముఖ్యంగా పోపులకు, దస్త్రాలు తెరిచేదాకా కేసే తెరవకూడదని నియమం పెట్టాలి. దానికి పోప్ ఒక్క ఉత్తర్వు చాలు, 1983లో గడువు తగ్గించింది కూడా అలాగే కదా.